13 గుడ్లకు 4 పిల్లలు: లోపం పెట్టదా, నాదా?

కొత్త పెరడు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఉద్యోగ విరమణ తరువాత మధిర దగ్గరి మా సొంత ఊరికి వచ్చి, పెరట్లో కోళ్ళు పెంచడం మొదలుపెట్టి రెండేళ్ళయింది. ఒక నాటు పెట్ట, రెండు వనరాజా అనే సంకర రకం పెట్టలు, మూడు నెలల క్రితం కొన్న ఒక నాటు పుంజు ఉన్నాయి. గుడ్లు పొదగవేయడంలో నా అనుభవం ఒక్కసారిదే. అది కూడా చేదుగా ముగిసింది కాబట్టి, రెండోసారి చేయి పెట్టకముందే తెలిసినవారిని అడగడం మంచిదని ఇది రాస్తున్నాను.

గత ఏప్రిల్ మొదట్లో నాటు పెట్ట పొదుగుకు వస్తే, అది పెట్టిన గుడ్లే 13 దాని కింద ఉంచాను. నాలుగు మాత్రమే పిల్లలయ్యాయి. మిగిలిన తొమ్మిదిలో రెండు గంపలోనే పగిలిపోయాయి. ఆ కంపుకు రెండు రోజులు ఆ వైపు వెళ్ళలేకపోయాం. ఏడింటిని నేనే పగలగొట్టి చూశాను. మూడింటిలో పిండం జాడే లేదు, సొన నీళ్ళలా పలచబడి ఉంది. ఒకదానిలో సగం ఎదిగిన పిండం చనిపోయి ఉంది. మూడింటిలో పిల్ల నూగుతో సహా పూర్తిగా తయారై పెంకులోనే ప్రాణం విడిచింది. నిజానికి ఈ మూడింటిలో ఒకటి నా చేతుల్లోనే పోయింది. ఉదయం పెంకుకు చిల్లు పెట్టుకొని మధ్యాహ్నం దాకా అలాగే ఉండిపోతే జాలిపడి పెంకు ఒలిచాను. నెత్తురు కారి సాయంత్రానికి చనిపోయింది.

నేను చేసినదంతా దాచకుండా చెబుతాను. గుడ్లను 18 రోజుల పాటు పోగుచేసి, వంటింటి అలమరలో స్టీలు డబ్బాలో ఉంచాను. రెట్ట అంటిన వాటిని నీళ్ళతో కడిగాను. పోగుచేయడం మొదలైన నాలుగో రోజున అప్పటి పుంజును చుట్టాలకు ఇచ్చేశాను. దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో తెలియదు. వెదురు గంపలో వరిగడ్డి పరిచి, రేకుల కొట్టంలో పెట్టాను. పదో రోజున లెక్కపెడితే 13 కాస్తా 15 అయ్యాయి. వనరాజా పెట్టలు అందులోనే గుడ్లు పెట్టాయని గ్రహించి, కొత్తవిగా కనిపించిన రెండింటిని తీసేశాను. రోజుకు రెండుమూడుసార్లు పెట్టను ఎత్తి చూసేవాణ్ణి.

ఇప్పుడు కార్తీకంలో అదే పెట్ట మూడు రోజులుగా గంప దిగడం లేదు. చేయి పెడితే ఈకలు నిక్కబొడుచుకొని పొడుస్తోంది. ఈ పెట్టకు పొదగడం రాదని, దీనిని కోసుకొని తిని గుడ్లు పొదిగే యంత్రం కొనుక్కోమని పొరుగాయన సలహా ఇస్తున్నారు. ఆయన మాట వినాలా, మరొక్కసారి ప్రయత్నించాలా?

నందిగామ అక్క

తమ్ముడూ, మీ పొరుగాయన మాట మాత్రం వినవద్దు. ఏప్రిల్ ఎండలో, రేకుల కింద, రోజుకు మూడుసార్లు మీరు ఎత్తి దించుతున్నా 21 రోజులూ లేవకుండా కూర్చున్న పెట్టను కోసుకుతినడం అన్యాయం. పొదగడం రాని పెట్ట అయితే వారానికే గంప వదిలి వెళ్ళేది. నేను కొత్త కోడలి వయసు నుంచి కోళ్ళు పెంచుతున్నాను, ఇప్పుడు మనవళ్ళకు పెళ్ళిళ్ళు అవుతున్నాయి. నా లెక్కలో చెడిపోయిన పొదుగుల్లో పెట్ట తప్పు ఉన్నవి చాలా కొద్ది. గుడ్డు పెట్ట కిందికి చేరకముందే పని చెడిపోయినవే ఎక్కువ.

గంప సంగతి ముందు చెబుతాను. అడుగున నాలుగు వేళ్ళ మందాన ఇసుక గానీ జల్లించిన మెత్తటి మట్టి గానీ పోసి, మధ్యలో అరచేయంత గుంట చేసి, దాని మీద వరిగడ్డి నలిపి వేయండి. గుంట లేకపోతే పెట్ట కదిలినప్పుడల్లా గుడ్లు అంచులకు దొర్లిపోతాయి. మరీ లోతైతే ఒకదాని మీద ఒకటి ఎక్కి పగులుతాయి. గడ్డి కింద పొయ్యి బూడిద చల్లి, గుప్పెడు వేపాకు గానీ వావిలాకు గానీ వేయండి. పొదుగు చెడడానికి కోడి పేలు, గోమార్లు పెద్ద కారణం. అవి పడితే పెట్ట రాత్రంతా నిలబడి గోక్కుంటుంది, గుడ్లు చల్లబడతాయి. అందుకే పొదగవేయడానికి ముందే పెట్ట రెక్కల కింద, తోక మొదట్లో వేళ్ళతో విడదీసి చూసి, బూడిద బాగా పట్టించాలి. మా అత్తగారు గంపలో ఒక ఇనుప మేకు, రెండు బొగ్గులు, ఒక ఎండు మిరపకాయ కూడా వేసేవారు. ఉరుములకు గుడ్లు మురిగిపోకుండా ఉంటాయని నమ్మకం. నేను ఇప్పటికీ వేస్తాను. వేయనివారి గుడ్లు ఉరిమినా పిల్లలవుతున్నాయి కాబట్టి అది మీ ఇష్టం.

నాటు పెట్ట ఒళ్ళు చిన్నది, దానికి 11 చాలు. ఆశపడి 15 పెడితే బయటి వరుసలో నాలుగు ఎప్పుడూ చలికి మిగులుతాయి. పెట్ట రోజంతా గుడ్లను తిప్పుతూ లోపలివి బయటికి, బయటివి లోపలికి మారుస్తూ ఉంటుంది కాబట్టి, ఆ చలి నాలుగింటితో ఆగదు, వంతులవారీగా అన్నిటికీ తగులుతుంది. చీకటి పడ్డాక గుడ్లు పెట్టండి; తెల్లవారేసరికి అవి తనవే అన్నట్టు కూర్చుంటుంది. అంతవరకు దాని కింద ఒకటి రెండు పాత గుడ్లు ఉంచితే పొదుగు చెదరదు.

రోజుకు ఒక్కసారి, ఒకే వేళకు, తనంతట తాను దిగుతుంది. దిగకపోతేనే మీరు దించాలి. అప్పుడు దానికి జొన్నలో, సజ్జలో, వడ్లో గింజగా పెట్టండి. తవుడు పిసికి పెడితే రెట్ట పలచనై గంప పాడవుతుంది. నీళ్ళు తాగి, దుమ్ములో పొర్లి, ఒక పెద్ద రెట్ట వేసి, పావుగంట నుంచి అరగంటలో వెనక్కి వస్తుంది. ఆ కాసేపు తప్ప గంపలో చేయి పెట్టవద్దు. మనం అన్నం ఉడికిందో లేదో చూసినట్టు మూత తీసి చూసే పని కాదు ఇది.

మందుల సంచి

నమస్కారమండీ. పశుసంవర్ధక శాఖలో క్షేత్రస్థాయిలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. అక్కగారు చెప్పినదానితో ఏకీభవిస్తూ, మీరు ఎంతో ఓపికగా పగలగొట్టి చూసి రాసిన ఆ గుడ్ల గురించి చెబుతాను, ఎందుకంటే చాలామంది ఆ పని చేయకుండానే పెట్టను తిడతారు.

పిండం జాడ లేని మూడు గుడ్ల వెనుక మీ పుంజు కథ ఉంది. పుంజు దూరమైన తరువాత కూడా వారం పది రోజుల వరకు పెట్ట పెట్టే గుడ్లలో జీవం ఉండే అవకాశం బాగానే ఉంటుంది. ఆ పైన వేగంగా తగ్గిపోతుంది. మీరు నాలుగో రోజున పుంజును పంపి, పద్దెనిమిదో రోజు దాకా గుడ్లు పోగుచేశారు. అంటే చివరి నాలుగైదు రోజుల గుడ్లు, అన్నిటికన్నా తాజావి, పుంజు కలవనివి అయ్యే అవకాశం ఎక్కువ. మొదటి రోజుల గుడ్లలో జీవం ఉన్నా అవి రెండు వారాలు దాటి పాతబడిపోయాయి. పైగా మీరు పదో రోజున చూపుతో తీసేసిన రెండూ వనరాజా గుడ్లేనని ఎలా చెప్పగలం? అసలు గుడ్లనే పారవేసి, పుంజు లేని రోజుల్లో వనరాజా పెట్టిన వాటిని పెట్ట కింద వదిలి ఉండవచ్చు. ఈసారి ప్రతి గుడ్డు మీదా పెన్సిలుతో చుట్టూ ఒక గీత గీయండి. గీత లేనిది కనిపిస్తే ఆ రోజే తీసి వండుకోవచ్చు.

పగిలిపోయిన రెండూ కడిగిన వాటిలోవి అయి ఉంటాయని నా అనుమానం. గుడ్డు పెంకులో కంటికి కనిపించని రంధ్రాలు వేల సంఖ్యలో ఉంటాయి, వాటిని మూసి ఉంచే పలుచని పొర కడిగితే పోతుంది. తడితో పాటు సూక్ష్మజీవులు లోపలికి దిగుతాయి, పెట్ట వెచ్చదనానికి అవి పెరిగి, వాయువు నిండి, గుడ్డు పేలుతుంది, పక్క గుడ్లకు కూడా ఆ మురికి అంటుతుంది. శుభ్రమైన గుడ్లనే ఎంచుకోవడం మేలు. కొద్దిగా మట్టి ఉంటే పొడి గుడ్డతో తుడిస్తే చాలు.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసింది మాత్రం వంటింటి అలమర అని అనుకుంటున్నాను. పెట్ట కూర్చోకపోయినా సుమారు 24 డిగ్రీల సెల్సియస్ దాటిన చోట గుడ్డులో పిండం మందకొడిగా కదలడం మొదలుపెడుతుంది; పూర్తి వెచ్చదనం అందదు, పూర్తి చల్లదనమూ ఉండదు కాబట్టి క్రమంగా నీరసించిపోతుంది. మార్చి నెలలో మన ఇళ్ళలో పొయ్యి పక్కన ఎంత వేడి ఉంటుందో మీకే తెలుసు. ఇంటి ఫ్రిజ్ చల్లదనం మరీ ఎక్కువ, అదీ పనికిరాదు. కొత్త కుండలో తడి ఇసుక పోసి, దాని మీద గుడ్డ పరిచి, సన్నని కొన కిందికి వచ్చేటట్టు గుడ్లు నిలిపి, గాలి ఆడే చీకటి మూలలో పెట్టడం పల్లెల్లో సాధ్యమయ్యే మంచి పద్ధతి. అలా ఉంచినా వారం దాటిన గుడ్డును పొదగవేయకపోవడమే మంచిది.

పెంకులో చనిపోయిన పిల్లల విషయానికి వస్తే, పిండానికి కావలసిన వేడి 37.5 డిగ్రీల దగ్గర ఉండాలి, చలి కన్నా మితిమీరిన వేడే దానిని త్వరగా చంపుతుంది. రేకుల కొట్టంలో ఏప్రిల్ మధ్యాహ్నం పెట్ట కింద ఏమి జరిగి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. దానికి తోడు పొడిగాలికి పెంకు లోపలి పొర అట్టలా బిగుసుకుపోతుంది, పిల్ల తిరగలేదు. ఇప్పుడు చలికాలం మొదలవుతోంది కాబట్టి ఆ బాధ లేదు. ఎండాకాలంలో తప్పనిసరి అయితే గంపను పూరిపాకలోకి మార్చి, అడుగు ఇసుకను తడుపుతూ ఉండాలి.

సగం ఎదిగి పోయిన ఆ ఒక్కదానికి కారణం ఇదీ అని వేలు పెట్టి చూపలేను. పాత గుడ్డు, వేడి, కుదుపు, వీటిలో ఏదైనా కావచ్చు.

ఒక చిన్న సలహా. ఏడెనిమిదో రోజు రాత్రి, పెట్టను కదపకుండా ఒక్కొక్క గుడ్డే తీసి, చీకట్లో సెల్‌ఫోను లైటు మీద వెడల్పు కొన ఉంచి చూడండి. జీవం ఉన్నదానిలో సాలెపురుగు కాళ్ళలా ఎర్రటి నరాలు, మధ్యలో నల్లటి చుక్క కనిపిస్తాయి. ఏమీ లేకుండా తేటగా ఉన్నవాటిని, లోపల నెత్తుటి వలయం మాత్రమే కనిపించేవాటిని తీసేయవచ్చు.

గోదారి బాతు

మధ్యలో మాట కలుపుతున్నందుకు మన్నించాలి. గీతలు గీయమన్న సలహా విలువ నాకు బాగా తెలుసు. మేము బాతు గుడ్లను కోడి కిందే పొదగవేస్తాం, వాటికి 28 రోజులు పడుతుంది. ఒకసారి నాలుగు బాతు గుడ్లు, ఆరు కోడి గుడ్లు ఒకే రోజున కలిపి పెట్టాను. 21వ రోజుకు కోడిపిల్లలు బయటపడి, మరో రెండు రోజులకు పెట్ట వాటిని వెంటబెట్టుకొని దర్జాగా దిగిపోయింది. బాతు గుడ్లు నాలుగూ గంపలో చల్లబడిపోయాయి. పెట్ట లెక్క రోజులతో కాదు, పిల్లల అరుపుతో నడుస్తుంది. ఆలస్యంగా చేరిన గుడ్డు ఏదైనా, కోడిదైనా బాతుదైనా, దాని గతి అంతే. ఆ తరువాత బాతు గుడ్లు ముందుగా పెట్టి, సరిగ్గా 7 రోజులు ఆగి కోడి గుడ్లు చేరుస్తున్నాను.

నందిగామ అక్క

బాతు సంగతి బాగా చెప్పారు. లైటు పెట్టి చూడమన్న విషయంలో మాత్రం నాకు అభ్యంతరం ఉంది. మా ఇంట్లో ఎప్పుడూ అలా చూడలేదు, అయినా పదకొండుకు తొమ్మిది, పది అవుతూనే ఉన్నాయి. కొత్తవారి చేతికి లైటు ఇస్తే ఏడో రోజు ఒకసారి కాదు, ప్రతి రాత్రీ చూస్తారు. తమ్ముడూ, కోపం తెచ్చుకోకండి, రోజుకు మూడుసార్లు ఎత్తి చూసిన చేతులు మీవి.

మందుల సంచి

అక్కగారి భయం సహేతుకమే. అయితే మురిగిన గుడ్డు గంపలో పేలితే పోయేది ఒక్క గుడ్డు కాదు. అందుకే రెండేసార్లు, ఎనిమిదో రాత్రి ఒకసారి, పద్నాలుగో రాత్రి ఒకసారి చూసి, పద్దెనిమిదో రోజు నుంచి గంప వైపు కన్నెత్తి చూడకూడదని నియమం పెట్టుకుంటే ఇద్దరి మాటా నిలుస్తుంది.

పెంకు ఒలిచిన విషయం ఇంతకుముందు వదిలేశాను, అది చెప్పాలి. చిల్లు పడిన తరువాత పిల్ల బయటికి రావడానికి సాధారణంగా 12 నుంచి 24 గంటలు పట్టవచ్చు. ఆ సమయంలో అది బద్ధకంగా కూర్చోలేదు. లోపలి పొర నరాల్లోని నెత్తురును ఒంట్లోకి లాక్కుంటూ, మిగిలిన పచ్చసొన సంచిని కడుపులోకి తీసుకుంటూ ఉంటుంది. మీరు పూట గడవకముందే ఒలిచారు కాబట్టి ఆ నెత్తురు బయట కారింది. అదే పచ్చసొన బలంతో బయటపడిన పిల్ల ఒకటి రెండు రోజులు మేత లేకపోయినా తట్టుకుంటుంది. ఆలస్యంగా పుట్టేవాటి కోసం పెట్ట ఓపిక పట్టగలిగేది అందువల్లనే.

వనరాజా గుడ్లను నాటు పెట్ట కింద పెట్టవచ్చా అని మీరు అడగలేదు గానీ, అడుగుతారని ఊహించి చెబుతున్నాను. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం రూపొందించిన సంకర రకం అది. గుడ్లు ఎక్కువ పెట్టాలని అలాంటి రకాల్లో పొదుగు గుణాన్ని తగ్గిస్తారు కాబట్టి మీ వనరాజా పెట్టలు గంప ఎక్కి కూర్చుంటాయని ఎదురుచూడవద్దు. వాటి గుడ్లు నాటు పెట్ట కింద పిల్లలవుతాయి. కానీ సంకర రకం కావడంతో ఆ పిల్లలు తల్లంత బరువు, అన్ని గుడ్లు ఇస్తాయని ఆశించకూడదు.

చివరిగా, పిల్లలు పుట్టాక 5 నుంచి 7 రోజుల మధ్య కొక్కెర తెగులు టీకా, అంటే లసోటా గానీ ఎఫ్1 గానీ, కంట్లో లేదా ముక్కులో ఒక్క చుక్క వేయించండి. సీసా ఒకసారి కలిపితే గంట రెండు గంటల్లో వాడేయాలి, అందులో ఉండేది పదుల, వందల కోళ్ళకు సరిపడే మందు. మీ వీధిలో కోళ్ళున్న వారందరినీ ఒకే రోజు పిలిస్తే మంచిది. పొరుగాయనను కూడా.

కొత్త పెరడు

అక్కగారికీ, మిగిలిన పెద్దలకూ కృతజ్ఞతలు. పెట్టను కోయలేదు. దాని గుడ్లలో వారం లోపువి ఐదు, పుంజు ఉన్న మరో ఇంటి నుంచి రెండు రోజుల లోపువి ఆరు, మొత్తం 11 గుడ్లకు గీతలు గీసి, నిన్న రాత్రి ఎనిమిదింటికి దాని కింద ఉంచాను. గంపను రేకుల కొట్టం నుంచి పాత వడ్ల గదిలోకి మార్చి, వనరాజాలు రాకుండా తలుపు దగ్గరగా వేస్తున్నాను. మా ఇంటావిడ పట్టుబట్టి మేకు, బొగ్గులు వేశారు.

కొత్త పెరడు (తొమ్మిది రోజుల తరువాత)

ఎనిమిదో రాత్రి చూశాను. ఎనిమిదింటిలో నరాలు స్పష్టంగా ఉన్నాయి; వాటిలో ఒకదానిలో నల్లటి చుక్క కదలడం మా మనవరాలు ముందుగా కనిపెట్టింది. రెండు తేటగా ఉంటే తీసేశాను. ఒకటి ఏమిటో తేల్చుకోలేక అలాగే ఉంచాను. పగలు ఒక్కసారి కూడా ఎత్తలేదని అక్కగారికి మనవి.

నందిగామ అక్క

సంతోషం తమ్ముడూ. ఇప్పుడే ఇంకొక పని మొదలుపెట్టండి. పాత కుండలో కాస్త పేడ, ఎండుగడ్డి, గోనె ముక్కలు వేసి, నీళ్ళు చిలకరించి, చెదలు తిరిగే చోట సాయంత్రం బోర్లించండి. మరునాడు ఎత్తితే చెదలు నిండి ఉంటాయి. నూకలతో పాటు అవి దొరికిన పిల్లలు పదిహేను రోజుల్లో రెట్టింపు కనిపిస్తాయి. కుండ ఎక్కడ పెడితే చెదలు పడతాయో తెలుసుకోవడానికి నాలుగైదు రోజులు పడుతుంది, అందుకే ముందుగా చెబుతున్నాను. నీళ్ళ మూకుడులో గులకరాళ్ళు వేయడం మరచిపోవద్దు, లేకపోతే మొదటి రోజే ఒకటి రెండు పిల్లలు మునిగి చస్తాయి. పిల్లలు ఎదిగేదాకా గద్ద, కాకి, ముంగిస, పిల్లి అన్నిటికీ మీ పెరడే చిరునామా. నెల రోజులు పగలు కూడా పెద్ద గంప కింద మూయవలసి వస్తుందని అనుకోండి.

కొత్త పెరడు (22వ రోజు ఉదయం)

పద్నాలుగో రాత్రి ఆ అనుమానపు గుడ్డులో మార్పు లేకపోవడంతో తీసేశాను, ఎనిమిది మిగిలాయి. నిన్న తెల్లవారుజామున గదిలో సన్నని కిచకిచలు వినిపించాయి. సాయంత్రానికి పెట్ట రెక్కల కింద నుంచి ఆరు తలలు లెక్కపెట్టగలిగాను. ఏడోది రాత్రి పది దాటాక వచ్చింది. ఎనిమిదో గుడ్డుకు నిన్న సాయంత్రం ఆరింటికి చిల్లు పడింది. ఇప్పటికి పదమూడు గంటలు, లోపల ముక్కు కదులుతోంది, చిల్లు మాత్రం పెద్దది కాలేదు. పెట్ట ఇంకా దిగలేదు, గుడ్డును పొట్ట కిందికి లాక్కొని కూర్చుంది. ఉదయం నుంచి రెండుసార్లు గది గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. తాళం చెవి మా ఇంటావిడకు ఇచ్చేసి, చెదల కుండ చూడడానికి చెరువు గట్టు మీదికి వెళుతున్నాను.